కార్డు పాయింట్లూ – అండమాన్ ప్రయాణమూ

సైన్సు విద్యార్థికి డబ్బు సంగతులెందుకని యెవరైనా అడగవచ్చు. పదార్థాన్ని సృష్టించలేము, నశింపజేయలేము అని మనం హైస్కూల్లోనే చదువుకున్నాం. యీ వ్యాసంలో చెప్పబోయే వ్యవహారానికి కూడా యించుమించు అదే సూత్రం వర్తిస్తుంది. ఒకచోట ఒకరికి వుచితంగా వచ్చిందంటే, మరొకచోట మరొకరి జేబు తేలికయి వుండాలి.

ఉద్యోగాల్లో చేరిన మన సీనియర్లు కొందరు "క్రెడిట్ కార్డు పాయింట్లతో అండమాన్ వెళ్ళొచ్చాం, విమానం టిక్కెట్టుకు దాదాపు యేమీ పెట్టలేదు" అని చెబుతుంటారు. వాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. నిజంగానే వెళ్ళవచ్చు. మరి ఆ డబ్బు పెట్టిందెవరు? మనం వెళ్ళాలంటే లెక్క యెలా వేసుకోవాలి? యెవరు యీ జోలికి పోకూడదు? రెండేళ్ళలో మనలో చాలామంది చేతికి కార్డు రాబోతోంది గనుక యివి యిప్పుడే తెలుసుకోవలసిన విషయాలు.

మైలు పుట్టిన కథ

అమెరికాలో 1978 దాకా విమాన ఛార్జీలను ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ యేడు చట్టం మార్చి ఆ అదుపు తీసేసరికి కంపెనీల మధ్య పోటీ ముదిరింది. అందరి విమానాలూ ఒకటే, అందరి సీట్లూ ఒకటే. వచ్చిన ప్రయాణీకుడు మళ్ళీ తమ దగ్గరికే రావాలంటే యేం చేయాలి? అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ఒక పథకం పెట్టింది. తమ విమానంలో తిరిగిన ప్రతి మైలునూ ప్రయాణీకుడి పేరున జమ వేస్తారు. కొన్ని వేల మైళ్ళయ్యాక ఒక టిక్కెట్టు బహుమతి. లక్షలాది మంది పేర్లూ ప్రయాణాలూ గుర్తుపెట్టుకోగల కంప్యూటర్లు అప్పటికే వుండబట్టి యిది సాధ్యమయింది. కొద్ది రోజుల్లోనే యునైటెడ్ కంపెనీ కూడా అదే బాట పట్టింది.

ఖాళీగా యెగిరిపోయే సీటు వల్ల కంపెనీకి నయాపైసా రాదు. ఆ సీటును బహుమతిగా యిస్తే అదనపు ఖర్చు చాలా స్వల్పం. తీసుకున్నవాడికి మాత్రం అది వేల రూపాయల విలువ. కిటుకంతా యిక్కడే వుంది.

1987లో సిటీబ్యాంకు అమెరికన్ ఎయిర్‌లైన్స్‌తో కలిసి ఒక కార్డు తెచ్చింది. దానితో అసలు విమానమే యెక్కకుండా, కూరగాయలు కొన్నా పెట్రోలు పోయించుకున్నా మైళ్ళు రావడం మొదలయింది. బ్యాంకు ఆ మైళ్ళను విమాన కంపెనీ దగ్గర డబ్బిచ్చి కొని ఖాతాదారుకు పంచుతుంది. మైలు ఒక సరుకయింది.

సరుకయ్యాక తెలివైనవాళ్ళు వూరుకుంటారా? 1999లో డేవిడ్ ఫిలిప్స్ అనే అమెరికన్ ఇంజనీరు ఒక ఆహార కంపెనీ ప్రకటన చూశాడు. డబ్బాల మీది చీటీలు పంపితే మైళ్ళిస్తామన్నది దాని సారాంశం. లెక్క వేస్తే, అన్నిటికన్నా చవకైన పాతిక సెంట్ల పుడ్డింగు కప్పు ధరకన్నా దానికొచ్చే మైళ్ళ విలువే యెక్కువని తేలింది. సుమారు 3,140 డాలర్లతో 12,150 కప్పులు కొని, పన్నెండు లక్షలు దాటిన మైళ్ళు సంపాదించాడు. అన్ని కప్పులు యెవరు తింటారు? ఒక ధర్మసంస్థకు దానమిచ్చి, వాళ్ళచేతనే చీటీలు వొలిపించుకున్నాడు!

మన దగ్గర

అమెరికాలో మైళ్ళ పథకం పుట్టిన 1981లోనే మన ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డు ప్రవేశపెట్టడం ఒక చిత్రమైన కలయిక. ముందు యేడు సెంట్రల్ బ్యాంకు మొదలుపెట్టగా, తొలినాళ్ళలో యీ దారి తొక్కిన బ్యాంకుల్లో మనది ఒకటి. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్డు అలవాటు మాత్రం పట్టణాలు దాటి మండల కేంద్రాల దాకా వచ్చేసింది.

పాయింటు యెక్కడి నుంచి వస్తుంది?

మార్కెట్ యార్డులో ధాన్యం కాటా వేసేటప్పుడు "తరుగు" తీస్తారు. రైతు బిడ్డలకు యీ మాట వివరించనక్కరలేదు. కార్డు వ్యవహారంలోనూ తరుగు వుంది. మనం కార్డుతో వంద రూపాయల సరుకు కొంటే దుకాణదారుకు వంద చేరదు. సుమారు రెండు రూపాయలు కమీషనుగా పోతుంది. దాన్ని మనకు కార్డిచ్చిన బ్యాంకు, దుకాణదారు బ్యాంకు, మధ్యలో వీసా, మాస్టర్‌కార్డు, రూపే వంటి సంస్థ పంచుకుంటాయి. మన బ్యాంకు తన వాటాలోంచి కొంత పాయింట్ల రూపంలో మనకు తిరిగి యిస్తుంది.

దీనికి రుజువు కూడా వుంది. యు.పి.ఐ. ద్వారా మన బ్యాంకు ఖాతా నుంచి కట్టినప్పుడు, రూపే డెబిట్ కార్డుతో కట్టినప్పుడు దుకాణదారు దగ్గర కమీషను తీయకూడదని 2020 జనవరి నుంచి నియమం. అందుకే వాటి మీద క్రెడిట్ కార్డుకొచ్చినట్లు పాయింట్లు రావు. తరుగు లేనిచోట బహుమతి లేదు.

దుకాణదారు ఆ రెండు రూపాయలు తన యింట్లోంచి తెచ్చి పెట్టడు, ధరలో కలుపుతాడు. ఆ ధర రొక్కమిచ్చి కొన్నవాడికీ అదే. బోస్టన్‌లోని ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఆర్థికవేత్తలు 2010లో దీన్ని లెక్కగట్టారు. అమెరికాలో రొక్కం వాడే కుటుంబం సగటున యేడాదికి 149 డాలర్లు కార్డువాళ్ళకు సమర్పించుకుంటోందనీ, కార్డు కుటుంబానికి 1,133 డాలర్లు కలిసివస్తోందనీ తేల్చారు. అంటే లేనివాడి నుంచి వున్నవాడికి!

మూడున్నర రూపాయల వడ్డీ

పాయింట్లకు రెండో వూట వడ్డీ. కార్డు మీద కొన్నదానికి రకాన్నిబట్టి 45, 50 రోజుల దాకా గడువు వుంటుంది. గడువులోగా మొత్తం కట్టేస్తే పైసా వడ్డీ లేదు. కట్టకపోతే చాలా కార్డుల మీద నెలకు నూటికి మూడున్నర రూపాయలు, కొన్నిటి మీద అంతకు పైన. మా పల్లెలో రెండు రూపాయల వడ్డీ అంటే మామూలు. మూడంటే "అబ్బో" అంటారు. మూడున్నర అంటే యేడాదికి నూటికి 42. ముప్పై శాతానికి మించి తీసుకోవడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పు చెప్పింది గానీ, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

ఒక లెక్క వేద్దాం. ఒకాయన నెలకు 40,000 రూపాయలు కార్డు మీద ఖర్చు పెట్టాడు. నూటికి రూపాయి విలువైన పాయింట్లు వస్తాయనుకుంటే ఆయనకు దక్కేది 400 రూపాయలు. బిల్లులో "కనీసం కట్టవలసినది 2,000" అని వుంటే అదే కట్టి వూరుకున్నాడు. మిగిలిన 38,000 మీద ఒక్క నెల వడ్డీ 1,330. ఆ వడ్డీ మీద నూటికి 18 చొప్పున జి.ఎస్.టి. మరో 239. వెరసి 1,569. దాదాపు నాలుగు నెలల పాయింట్లను ఒక్క నెల వడ్డీ మింగేసింది. పైగా బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి గడువుండదు, కొన్న రోజునుంచే వడ్డీ పడుతుంది.

కాబట్టి ద్వీపానికి వెళ్ళేవాడు గడువులోగా కట్టేవాడు. అతని టిక్కెట్టులో కొంత భాగం కట్టలేకపోయినవాడిది.

అండమాన్ లెక్క

గడువులోగా కట్టగలిగినవాళ్ళ కోసం యిప్పుడు అసలు ప్రయాణం సంగతి. అండమాన్ రాజధానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. అదే పాత పోర్ట్ బ్లెయిర్. చెన్నై నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో మూడు రోజుల ప్రయాణం, విమానంలో రెండు గంటలు పైచిలుకు.

పాయింట్లు చేతిలో వున్నాయి కదా అని వాడేయకూడదు. ముందు ఒక భాగహారం చేయాలి. టిక్కెట్టు ధరలోంచి పాయింట్ల టిక్కెట్టుకు కూడా మనం కట్టవలసిన పన్నులూ రుసుములూ తీసేసి, మిగిలినదాన్ని వాళ్ళడిగే పాయింట్లతో భాగించాలి. టిక్కెట్టు 9,000, పన్నులు 1,500, అడిగిన పాయింట్లు 10,000 అనుకోండి. పాయింటుకు 75 పైసలు గిట్టింది. అవే పాయింట్లకు బ్యాంకువాళ్ళ జాబితాలోంచి 2,500 రూపాయల కుక్కరు తీసుకుంటే గిట్టేది పావలా. టిక్కెట్లు బాగా ఖరీదయ్యే డిసెంబరు, జనవరి నెలల్లో పాయింటుకు విలువ పెరగవచ్చు, అయితే అప్పుడే పాయింట్ల సీటు దొరకడం కష్టం. వానాకాలంలో సీటు సులువు, కానీ సముద్రం అల్లకల్లోలంగా వుండి దీవుల మధ్య పడవలు ఆగిపోతుంటాయి.

బ్యాంకు పాయింట్లను విమాన కంపెనీ ఖాతాలోకి మార్చాక వెనక్కి రావు. అందుచేత సీటు వుందని కళ్ళతో చూశాకే మార్చాలి. యింకొకటి. పాయింట్లు ముఖ్యంగా విమానానికే అక్కరకొస్తాయి. స్వరాజ్ ద్వీపానికి, అంటే పాత హేవ్‌లాక్‌కు, వెళ్ళే పడవ ఛార్జీ, భోజనం, అక్కడి తిరుగుళ్ళు మన జేబులోంచే. "వుచిత" యాత్రకు కూడా చేతిలో రొక్కం వుండాలి.

పాయింట్లను బంగారంలా దాచుకోవడం తెలివి కాదు. గాదెలో పోసిన ధాన్యం పురుగు పట్టినట్లు, వీటికీ గడువు తీరుతుంది. లేదా నిన్న 10,000 అడిగిన సీటుకు రేపు 15,000 అడుగుతారు. 2012లో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయినప్పుడు, 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ ఆగిపోయినప్పుడు, ఆ విమానాల్లో తిరగాలని మైళ్ళు దాచుకున్నవాళ్ళ ఆశ నేలకు దిగింది. పంట చేతికొచ్చాక అమ్ముకున్నట్లే, సరిపడా కాగానే వాడుకోవాలి.

రెండు కార్డులు

మా నాన్నగారి దగ్గర కూడా ఒక క్రెడిట్ కార్డు వుంది, కిసాన్ క్రెడిట్ కార్డు. 1998లో వచ్చిన పథకం అది. మూడు లక్షల దాకా పంట రుణానికి యేడాదికి ఏడు శాతం వడ్డీ. సకాలంలో కడితే మరో మూడు శాతం తగ్గి నాలుగే పడుతుంది. పాయింట్లు లేవు, మైళ్ళు లేవు. కానీ కట్టే గడువు పంటనుబట్టి పెట్టారు.

బ్యాంకు ప్లాస్టిక్ కార్డు గడువు నెలనుబట్టి నడుస్తుంది. జీతం నెలనెలా వస్తుంది కనుక జీతగాడికి అది సరిపోతుంది. రైతుకు డబ్బొచ్చేది యేడాదికి ఒకటి రెండుసార్లు, అదీ వాన కరుణిస్తే. యూరియా, డీజిలు జూలైలో కార్డు మీద కొని, వరి కోతలయ్యాక కడదామనుకుంటే నాలుగైదు నెలల మూడున్నర రూపాయల వడ్డీ మీద పడుతుంది. తప్పు రైతుది కాదు, కార్డుదీ కాదు. రెండు కాలెండర్లు కలవవు, అంతే. యీ ఒక్క మాట మన యిళ్ళలో పెద్దవాళ్ళకు చెప్పగలిగితే మన చదువుకు కొంత సార్థకత వున్నట్లే.

మన మట్టుకు మనం పాటించవలసినవి మూడే. రొక్కం వున్నా కొనేదాన్నే కార్డు మీద కొనాలి. బిల్లు మొత్తం గడువులోగా కట్టాలి. పాయింట్ల కోసం అదనంగా ఒక్క రూపాయి ఖర్చు పెట్టకూడదు. యివి చేయగలిగినవాడు నిశ్చింతగా అండమాన్ వెళ్ళి రావచ్చు. అక్కడ భాషకు కూడా యిబ్బంది లేదు. మన శ్రీకాకుళం ప్రాంతం నుంచి కూలికీ చేపలవేటకూ తరాల క్రితమే ఓడలెక్కి వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు వేల సంఖ్యలో వున్నారు, చక్కగా పలకరిస్తారు.