ఉలవచారు - బిరియాని

జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాల భోజనశాలల్లో ‘ఉలవచారు బిరియాని’ అనే వంటకం నేడు ప్రసిద్ధమైనది. 2014లో ప్రకాశ్‌రాజ్ దర్శకత్వాన ఆ పేరుతోనే ఒక తెలుగు చలనచిత్రం వెలువడినది. అయినా ఈ పేరు వినగానే నొసలు చిట్లించే పెద్దలు లేకపోలేదు. పల్లెటూరి చారుకూ నవాబుల బిరియానికీ పొత్తు ఎట్లా కుదురుతుందని వారి శంక. అది త్రోసివేయదగిన శంక కాదు.

ఉలవచారుకు కృష్ణా, గుంటూరు ప్రాంతాలు పేరుపొందినవి. ఉలవలను రాత్రి నానవేసి, మరునాడు పుష్కలంగా నీరు పోసి గంటల తరబడి ఉడికిస్తారు. వార్చిన కట్టులో చింతపండు, ఉల్లి, మిరప చేర్చి, చిక్కబడే వరకు సన్నని సెగపై మరిగిస్తారు. ఉడికిన గింజ ఎద్దులకు, కట్టు ఇంటివారికి. అన్నంలో కలుపుకొన్నప్పుడు పైన ఇంత మీగడ. ఇప్పుడు కాడెద్దుల స్థానే ట్రాక్టర్లు వచ్చినవి. ఎద్దుల కోసం ఉలవలు ఉడికే పొయ్యి అరుదైనది. ఇంట తగ్గిన ఈ రుచిని నిలిపే భారం కొంతవరకు భోజనశాల వంటవానిపై పడినది.

అతని పని సులభం కాదు. బిరియానిలో సగం ఉడికిన బియ్యం మూతలోని ఆవిరికి మగ్గాలి. చారు పలుచనైతే మెతుకు చిదికిపోతుంది. కనుక కట్టును ముద్దగా దగ్గరపడేదాకా మరిగించాలి. మసాలాలోని పెరుగు, చారులోని చింతపండు కలిసి పులుపు మించకుండా చూడాలి.

ఈ సందర్భంలో జపాను దేశపు సుషీ కథ మాకు జ్ఞప్తికి వస్తున్నది. పూర్వం అక్కడ ఉప్పు పట్టించిన చేపను అన్నంలో నెలల తరబడి అదిమి ఉంచేవారు. పులిసిన అన్నం చేపను చెడకుండా కాపాడేది. పిదప అన్నాన్ని పారవేసి చేపను తినేవారు. కాలక్రమాన పులియబెట్టుట మాని అన్నంలో సిర్కా కలుపసాగినారు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో, నేటి టోక్యో అయిన ఎడో నగరాన, ఆ అన్నపు ముద్దపై చేపముక్క పెట్టి అప్పటికప్పుడు అందించే పద్ధతి ప్రబలినది. హనాయా యోహే అనే వంటవాడు దానికి ఆద్యుడని ప్రతీతి. నెలల పని నిమిషాలకు దిగినది. పులుపు మాత్రం నిలిచినది. నాటి కొత్తదనమే నేటి సంప్రదాయం.

కాబట్టి కాలం తగ్గించుటయే దోషం కాదు. ప్రెషర్ కుక్కరులో ఉలవలు త్వరగా ఉడికితే నష్టం లేదు. కట్టును మరిగించే ఓపిక లేక, పిండితో చిక్కదనమూ చింతపండుతో రంగూ తెచ్చినప్పుడే విస్తరిలో పేరు మాత్రం మిగులుతుంది.

ఈ వంటకం మీ ముందుకు వచ్చినప్పుడు మసాలా ఘాటు వెనుక ఉలవ కమ్మదనం, కొసన స్వల్పమైన వగరు తగులుతున్నవేమో చూడండి. తగిలితే, నొసలు చిట్లించిన పెద్దలకు కూడా మారు వడ్డించవచ్చును.