ట్రాకింగ్: ఒకే పదం, మూడు పనులు

వ్యవసాయ విస్తరణలో ‘ట్రాకింగ్’ అనే ఆంగ్ల పదం విరివిగా వాడుకలో ఉన్నది. పాదముద్రల వెంట నడిచి జాడ పట్టడం దీని మూలార్థం. తెలుగులో మాత్రం సందర్భాన్ని బట్టి నిఘా, ఆరా, నమోదు అని వేర్వేరు మాటలు ఉన్నాయి. కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల సాగులో ఈ మూడూ వేర్వేరు పనులు. వీటి భేదం స్పష్టం కాకుంటే రైతు నిర్ణయం తప్పుతుంది.

పురుగుపై నిఘా: కత్తెర పురుగును మన దేశంలో తొలిసారి 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ జిల్లాలో గుర్తించారు. అదే ఏడాది అది తెలంగాణకు వ్యాపించింది. మొక్కజొన్న విరివిగా సాగయ్యే కామారెడ్డి జిల్లాలో దీనిపై నిఘా తప్పనిసరి. ఇందుకు ఎకరాకు 5 లింగాకర్షక బుట్టలు అమర్చాలి. వీటిలో పడేవి మగ రెక్కల పురుగులు మాత్రమే. ఆకు సుడిలో దాగి తినే లార్వాలపై వీటి ప్రభావం ఉండదు. బుట్టలు పెట్టగానే పురుగు పోయిందని భావించిన రైతు పంటను కోల్పోయే ప్రమాదం ఉన్నది. అందువల్ల పొలంలో ‘డబ్ల్యూ’ ఆకారంలో నడుస్తూ సుడులను పరిశీలించాలి. లేత దశలో 5 శాతం మొక్కలలో నష్టం కనిపిస్తే 5 శాతం వేపగింజల కషాయాన్ని పిచికారి చేయాలి.

విత్తనం ఆరా: నిఘా రాబోయే ఉపద్రవాన్ని చూస్తుంది; ఆరా జరిగినదాని మూలానికి వెనుకకు నడుస్తుంది. పోచారం జలాశయం కింద వరి సాగుచేసే ఎల్లారెడ్డి రైతుకు మొలక శాతం తగ్గితే, ఆ విత్తనం ఏ లాట్‌కు చెందినదో తేలాలి. కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ప్రారంభించిన ‘సాథి’ పోర్టల్ క్యూఆర్ కోడ్ ద్వారా విత్తన మూలాన్ని తెలుపుటకు ఉద్దేశించినది. అయితే సంచి, లేబులు, రశీదు పారవేస్తే ఆరాకు ఆధారమే మిగలదు. వీటిని కోత పూర్తయ్యే వరకు భద్రపరచాలి.

పంట నమోదు: వ్యవసాయ విస్తరణ అధికారి సర్వే నంబరు వారీగా పంటను, విస్తీర్ణాన్ని నమోదు చేస్తారు. ఇది పురుగును గాని విత్తన నాణ్యతను గాని తెలుపదు. పంట అమ్మకం వేళ ఆధారంగా నిలుస్తుంది. వేసిన పంట ఒకటి, నమోదైనది మరొకటి అయితే కొనుగోలు కేంద్రంలో ఇబ్బంది రైతుదే. కనుక కోతకు ముందే వివరాలు సరిచూసుకోవాలి.

కావున ‘ట్రాకింగ్ చేయండి’ అనే సలహా అసంపూర్ణం. ‘బుట్టలో పడిన పురుగులను వారం వారం లెక్కించి రాసుకోండి’, ‘రశీదు దాచండి’, ‘నమోదు సరిచూసుకోండి’ అని చెప్పినప్పుడే సలహా రైతు చేతిలో పనిగా మారుతుంది.