మౌనానికి కారణం కనిపెట్టే టీచరు

‘మగపిల్లలకు మాటలు ఆలస్యంగ వస్తయిలే.’ తెలంగాణ ఇళ్లలో పెద్దవాళ్లు తల్లికి ధైర్యం చెప్పే మాట ఇది. కాజీపల్లిలాంటి చోట దీనికి మరో మాట తోడవుతుంది: ‘వానికి తెలుగు రాదు గదా, బడిల ఎట్ల మాట్లాడ్తడు?’

మందుల కంపెనీలు, రసాయన పరిశ్రమలు నిండిన ఈ పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతానికి ఒడిశా, బిహార్‌ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పనికి వస్తాయి. ఇంట్లో ఒడియానో భోజ్‌పురినో, గల్లీలో హిందీ, తరగతిలో తెలుగు. ఆరేళ్ల పిల్లాడు బడిలో నోరు విప్పడం లేదంటే భాష అర్థంకాకా? చెవులు వినపడకా? ఆటిజమా? మేధో వైకల్యమా? నలభై మందిని ముందు పెట్టుకున్న క్లాసు టీచరు దాన్ని తేల్చలేరు. అక్కడే ప్రత్యేక విద్య టీచరు కావాలి.

ఆ టీచరు మొదట పలక ఇవ్వరు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుంటారు. ‘గ్లాసు తీసుకొచ్చి నాన్నకియ్యి’ అని మీ భాషలోనే చెప్పమంటారు. చేత్తో చూపించొద్దంటారు. పిల్లాడు రెండు పనులూ చేశాడా, ఒకటి చేసి ఆగిపోయాడా, అసలు వినిపించుకోలేదా? వెనక నుంచి చప్పుడైతే తిరిగాడా? కావలసినదాన్ని వేలితో చూపిస్తున్నాడా, అమ్మ చెయ్యి పట్టి లాక్కెళ్తున్నాడా? ఇవి చూశాకే వినికిడి పరీక్షకో, సైకాలజిస్టు దగ్గరికో పంపుతారు. వైకల్యాన్ని నిర్ధారించేది వైద్యులు, నిపుణులు. ఆ పిల్లాడికి రేపటి నుంచి ఏం నేర్పాలో తేల్చేది మాత్రం ఈ టీచరే.

నేర్పడం అంటే అక్షరాలే అనుకుంటాం. మేధో వైకల్యం ఉన్న పిల్లకు చొక్కా గుండీ పెట్టుకోవడమూ ఒక పాఠమే. టీచరు ఆ పనిని ముక్కలు చేస్తారు: గుండీ పట్టుకోవడం, కాజాలో దూర్చడం, అవతలి నుంచి లాగడం. మొదటి రెండూ తానే చేసి, చివరి లాగుడు మాత్రం పిల్లకు వదిలేస్తారు. గుండీ పడింది. పని పూర్తిచేసింది ఆ పిల్లే! అది కుదిరాక దూర్చడం, తర్వాత పట్టుకోవడం. వెనక నుంచి ముందుకు నడిచే ఈ పద్ధతి తెలియకపోతే తల్లి రోజూ తానే తొడుగుతుంది, పదేళ్లు వచ్చినా తొడుగుతూనే ఉంటుంది. ఈ పనికి ఓపిక ఒక్కటే చాలదు, చదువు కావాలి.

ఆ చదువుకు చట్టం ఉంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం ప్రకారం గుర్తింపు పొందిన కోర్సు చదివి, కేంద్ర పునరావాస రిజిస్టరులో పేరు నమోదైనవారే ఈ వృత్తి చేయాలి. ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ స్పెషల్, డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఎడ్ స్పెషల్. మేధో వైకల్యం, వినికిడి లోపం, చూపు లోపం దేనికదే వేరు విభాగం. బ్రెయిలీ నేర్పే టీచరు ఆటిజం పిల్లలకూ సరిపోతారని అనుకోవడం పొరపాటు. మనకు దూరం పోనక్కర్లేదు. ఈ చదువుకు దేశంలోనే పేరున్న జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఉంది. ఒకప్పుడు ఎన్ఐఎంహెచ్, ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ.

మరి టీచర్లు ఎక్కడ? ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి పదిమంది పిల్లలకు ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు ఉండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులు ప్రకటిస్తే వాటిలో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులిచ్చారు. మంచి మొదలే. కానీ మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాలను ఏళ్లుగా మోస్తున్నది సమగ్ర శిక్ష పథకం కింద కాంట్రాక్టుపై పనిచేస్తున్న సమ్మిళిత విద్యా రిసోర్స్ పర్సన్లు (ఐఈఆర్పీలు). సమగ్ర శిక్ష ఉద్యోగులు 2024 డిసెంబరులో రెగ్యులర్ చేయమంటూ సమ్మెకు దిగాల్సి వచ్చింది. గుండీ పాఠానికి నెలలు పట్టే పిల్లకు టీచరు నిలకడ ఎంత అవసరమో వేరే చెప్పాలా?

కాజీపల్లిలో ఇంకో కష్టం ఉంది. కంపెనీలో పని ముగిస్తే వలస కుటుంబం కదులుతుంది. ఆ పిల్లాడికి ఏం నేర్పాలో టీచరు రాసుకున్న వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఇక్కడే ఉండిపోతుంది, పిల్లాడు మరో ఊళ్లో మొదటికి వస్తాడు. ఆ ప్రణాళిక ప్రతిని టీసీతో పాటు తల్లి చేతికివ్వడం ప్రతి బడీ అలవాటు చేసుకోవాలి. దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఎందుకు అవసరమో వలస కుటుంబాలకు విడమరిచి చెప్పాలి.

పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టుకెక్కిన కేసు దశాబ్దాలు నడిచింది. ఇక్కడి తల్లులకు ‘ఈ నీళ్ల వల్లేనా?’ అన్న భయం ఉంటే తప్పుపట్టలేం. ఆ ప్రశ్నకు వైద్యులు, శాస్త్రవేత్తలు జవాబివ్వాలి. ఆ జవాబు వచ్చేదాకా పిల్లాడి చదువు ఆగకూడదు. ఇన్ని పరిశ్రమలను మోస్తున్న ప్రాంతానికి, కంపెనీల సామాజిక బాధ్యత నిధులున్న చోట, వసతులున్న ఒక భవిత కేంద్రం, హిందీ వచ్చిన ప్రత్యేక టీచర్లు అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం నలభై శాతం, ఆపై వైకల్యం ధ్రువీకరించిన పిల్లలకు ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత విద్యను హక్కుగా ఇచ్చింది. దగ్గరి బడా, ప్రత్యేక బడా అన్నది కుటుంబం ఎంచుకోవచ్చు. మీ ఇంట్లోనో పక్కింట్లోనో రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపని బిడ్డ ఉంటే ‘వస్తయిలే’ అని ఊరుకోకండి. ముందు డాక్టరుకు చూపించండి. బడి వయసైతే హెడ్మాస్టరును భవిత కేంద్రం ఎక్కడని అడగండి. డబ్బు కట్టి ప్రైవేటు సెంటర్లో చేర్చేముందు అక్కడి టీచరు పునరావాస మండలి నమోదు నంబరు చూపించమనండి.