ఐబీ డిప్లొమా: బాయి బస్తీ పిల్లలకు ఎంత దూరం?

మంచిర్యాలలో ఐబీ అంటే చౌరస్తా. ఆ పేరు ఇన్‌స్పెక్షన్ బంగ్లా వల్ల వచ్చింది. గోదావరి దాటి ఖనికొస్తే, సమ్మెల కాలం చూసిన పెద్దలకు ఐబీ అంటే మఫ్టీలో తిరిగే ఇంటెలిజెన్స్ పోలీసు. ఈ మధ్య గోదావరిఖనిలో ఒక రిటైరైన కోల్‌ఫిల్లర్ ఇంట్లో కూచున్నప్పుడు పదో తరగతి చదువుతున్న ఆయన మనవరాలు అడిగింది: ‘సార్, ఐబీ అని ఒక చదువున్నదట గదా, గది మనసొంటోళ్లు చదవచ్చా?’ తాత ముందు ఉలిక్కిపడ్డడు. తర్వాత నవ్విండు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు, జవాబు కోసం చూస్తూ కూచుంది. ఒక్క మాటలో తేలే జవాబు కాదని ఈ వ్యాసం రాయాల్సొచ్చింది.

ఐబీ అంటే ఇంటర్నేషనల్ బాకలారియేట్. 1968లో స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో పుట్టిన సంస్థ. దౌత్యవేత్తలు, అంతర్జాతీయ సంస్థల ఉద్యోగులు మూణ్నాలుగేళ్లకోసారి దేశం మారుతుంటారు. వాళ్ల పిల్లలు ఏ దేశంలో చదివినా ఏ యూనివర్సిటీలోనైనా చేరడానికి పనికొచ్చే ఒకే పరీక్ష కావాలన్న అవసరంలోంచి డిప్లొమా ప్రోగ్రామ్ వచ్చింది. అంటే ఇది కూడా వలస నుంచి పుట్టిన చదువే. కాకపోతే విమానాల్లో పోయే వాళ్ల వలస. కరీంనగర్ పల్లెల్లోని మాలవాడల నుంచి, మాదిగవాడల నుంచి బొంబాయికీ బొగ్గుబాయికీ పోయిన వాళ్ల పిల్లలకు ఒక సిలబస్ తయారు చేయాలని ఎవరికీ తోచలేదు.

ఇది పదహారు నుంచి పంతొమ్మిదేళ్ల వయసు వాళ్లకు రెండేళ్ల కోర్సు. మన ఇంటర్ ఎక్కడ ఉంటుందో అక్కడ ఉంటుంది. ఆరు వర్గాల నుంచి ఆరు సబ్జెక్టులు తీసుకోవాలి: మొదటి భాషా సాహిత్యం, మరో భాష, సామాజిక శాస్త్రాలు, విజ్ఞాన శాస్త్రాలు, గణితం, కళలు. కళలు వద్దనుకుంటే ఆ స్థానంలో ఇంకో సైన్సో, ఇంకో సామాజిక శాస్త్రమో పెట్టుకోవచ్చు. మామూలుగా మూడు సబ్జెక్టులు హయ్యర్ లెవల్లో 240 గంటల చొప్పున, మూడు స్టాండర్డ్ లెవల్లో 150 గంటల చొప్పున చదవాలి. సబ్జెక్టుకు 7 పాయింట్లు, మొత్తం 42. వీటికి తోడు పెద్ద వ్యాసానికీ జ్ఞాన సిద్ధాంతానికీ కలిపి 3. అట్లా 45కు లెక్క. 24 వస్తే, మిగతా షరతులు కూడా నెరవేరితే, డిప్లొమా చేతికొస్తుంది. మార్కులన్నీ చివరి పరీక్షకే ఉండవు. ప్రయోగాలకూ, మౌఖికానికీ, రెండేళ్లలో చేసిన రాతపనికీ వాటా ఉంటుంది.

మన దగ్గర ఇంటర్ ఎట్లా నడుస్తుందో చెప్పక్కర్లేదు. ఎంపీసీ, బైపీసీ, పొద్దున ఐదింటికి స్టడీ అవర్, బిట్లు, గైడు. భౌతికశాస్త్రం తీసుకున్న పిల్లకు చరిత్రతో సంబంధం తెగిపోతుంది. ఆమె తన కులం గురించీ, తన ఊరి బొగ్గు గురించీ చదివే అవకాశం పదో తరగతితోనే ముగుస్తుంది. ఐబీలో సైన్సు విద్యార్థి కూడా చరిత్రో, అర్థశాస్త్రమో, భూగోళమో చదవక తప్పదు. నా దృష్టిలో అసలు తేడా అంతర్జాతీయమన్న పేరులో లేదు, ఇక్కడ ఉంది.

పెద్ద వ్యాసం సంగతి చూద్దాం. విద్యార్థి తనే ఒక ప్రశ్న ఎంచుకుని, చదివి, ఆధారాలు చూపి నాలుగు వేల పదాల లోపు రాయాలి. మన డిగ్రీ కాలేజీల్లోనే అరుదైన పని ఇది. గోదావరిఖని పిల్లకు ప్రశ్నలు కరువా? భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు వచ్చాక ఎవరి పని పోయింది? తట్టా చెమ్మస్ పట్టిన వాళ్లలో ఏ కులాలు ఎక్కువ, ఆఫీసు కుర్చీల్లో ఏ కులాలు ఎక్కువ? 1999లో మూతపడ్డ ఎరువుల ఫ్యాక్టరీ 2021లో ఆర్‌ఎఫ్‌సీఎల్ పేరుతో మళ్లీ తెరుచుకున్నప్పుడు పాత కార్మికుల బస్తీలకు ఏం దక్కింది? ఇవన్నీ వ్యాసాలే. పదిహేడేళ్ల వయసులో ఒక దళిత విద్యార్థి ఇట్లాంటిది రాసి, దాని మీద తన పేరు చూసుకుంటే ఆ తర్వాత యూనివర్సిటీలో ఎవరి ముందూ తల వంచుకుని నిలబడాల్సిన పని ఉండదు.

జ్ఞాన సిద్ధాంతం అనే పేపరుది మరో దారి. ‘నీకు తెలుసంటున్నావు గదా, ఎట్లా తెలుసు?’ అని అడగడమే దాని పని. పాత కార్మికుడు బాయిలో కప్పును కట్టెతో కొట్టి, చప్పుడు విని, రాయి గట్టిగుందో బోలుగుందో చెప్పేవాడు. అది జ్ఞానమా, కాదా? మైనింగ్ సర్దార్ సర్టిఫికెట్ ఉన్నవాడు చెప్తేనే జ్ఞానమా? చెప్పు కుట్టేవాడికి తోలు గురించి, మంత్రసానికి కాన్పు గురించి తెలిసింది పుస్తకంలోకి ఎందుకెక్కలేదు? ‘జ్ఞానం ఎవరిది’ అని దళిత ఉద్యమం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నదే. చిత్రమేమంటే ఆ ప్రశ్నను పాఠంగా చదువుకుంటున్నది ఎక్కువగా ఆ జ్ఞానాన్ని ఎన్నడూ చూడని ఇళ్ల పిల్లలు.

మూడోది సృజన, శారీరక కార్యకలాపం, సేవ. దీనికి మార్కులుండవు కానీ పూర్తి చేయకపోతే డిప్లొమా రాదు. బస్తీకి పోయి పిల్లలకు అక్షరాలు చెప్పడం, చెట్లు నాటడం వంటివి ఇందులోకొస్తాయి. మన పిల్లలు నీళ్లు మోస్తరు, తమ్ముణ్ని ఎత్తుకుంటరు, సెలవుల్లో కూలికి పోతరు. దాన్ని సేవ అని ఎవరూ డైరీలో రాసుకోరు. మన బస్తీ వాళ్లకు సేవాస్థలం, మనకు బతుకు.

మరి ఎంత దూరం? భారతదేశంలో ఈ డిప్లొమాను మొదట తెచ్చింది 1976లో కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్. హైదరాబాద్‌లో ఓక్‌రిడ్జ్, చిరెక్, ఇండస్ లాంటి బడులున్నాయి. ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. రామగుండం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైన. మన దగ్గర బడుల వరస వేరు: ఎన్‌టీపీసీ టౌన్‌షిప్‌లో కేంద్రీయ విద్యాలయం, సింగరేణి బడి, చౌరస్తాలో ‘టెక్నో’ బోర్డులు, ఆ కింద గురుకులం, సర్కారు బడి. అంబేద్కర్ చెప్పిన శ్రేణీకృత అసమానత బడుల్లో ఎట్లుంటదో చూడాలంటే రామగుండంలో ఒక పొద్దున బస్సుల రంగులు చూస్తే చాలు. ఐబీ బస్సు ఆ వరసలోనే లేదు.

చట్టం కూడా అక్కడి దాకా పోదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇవ్వమంటుంది కానీ అది పద్నాలుగేళ్ల వయసు దాకా, ఎనిమిదో తరగతి దాకానే. డిప్లొమా మొదలయ్యేది పదహారేళ్లకు. ప్రైవేటు విద్యాసంస్థల్లో ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి 93వ రాజ్యాంగ సవరణ ద్వారా వచ్చిన 15(5) అధికరణం రాష్ట్రాలకు అధికారమిచ్చింది. ఆ అధికారాన్ని ప్లస్ టూ ఇంటర్నేషనల్ బడుల మీద వాడాలని ఏ పార్టీ అడగడమూ నేను వినలేదు.

పక్క రాష్ట్రంలో ఒక ప్రయత్నం జరిగింది. సర్కారు బడుల్లో ఐబీ ప్రవేశపెట్టడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జనవరి 31న ఆ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికో తరగతి పెంచుకుంటూ పోవాలన్నది పథకం. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం మారింది, పథకం పక్కకు పోయింది. ‘బెంచీల్లేని బడికి ఐబీ ఎందుకు’ అని అప్పుడు చాలామంది వెక్కిరించారు. 2019లో ఇంగ్లీషు మీడియం మీద జీవో 81 వచ్చినప్పుడు కూడా ఇదే గొంతు విన్నాం. బెంచీ లేదన్న కారణంతో మంచి చదువు వద్దనే వాదన మన పిల్లల విషయంలోనే ఎందుకొస్తుంది? అయితే అట్లా అడిగినంత మాత్రాన ఆ పథకానికి కితాబు ఇచ్చినట్టు కాదు. ఐబీ పద్ధతిలో పాఠం చెప్పాలంటే పంతులు ముందు తను ప్రశ్నించడం నేర్చుకోవాలి. లక్షమంది పైగా ఉపాధ్యాయులను తయారు చేయడం సంతకమంత సులువు కాదు.

సాధ్యం కాదా అంటే, అయిన చోటు ఉంది. అమెరికాలోని చికాగో నగరం 1997లో పేద బస్తీల్లోని పన్నెండు, పదమూడు సర్కారు హైస్కూళ్లలో డిప్లొమా పెట్టింది. చదివింది ఎక్కువగా నల్లజాతి, లాటినో పిల్లలు. చికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో అచ్చేసిన అధ్యయనం ప్రకారం, అదే స్థాయి మార్కులుండి ఐబీ చదవని పిల్లలతో పోలిస్తే వీళ్లు నాలుగేళ్ల డిగ్రీ కాలేజీలో చేరే అవకాశం 40 శాతం ఎక్కువ. పాంథర్ల పేరు మనం అక్కడి నుంచే తెచ్చుకున్నాం. ఈ లెక్క కూడా తెచ్చుకోవచ్చు.

మన గురుకులాలకు ఆ బలం లేదనుకోను. గౌలిదొడ్డి పిల్లలు ఐఐటీలకు పోయారు, 2014లో మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. రాష్ట్రంలో నాలుగైదు గురుకులాల్లో డిప్లొమా పెట్టడం అసాధ్యమేమీ కాదు. పెడితే ఆ సీట్లు దళితుల్లో ఎవరికి అన్న ప్రశ్న వెంటనే వస్తుంది, రావాలి కూడా. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లో ఉంది. మొదటి వర్గంలోని చిన్న కులాల పిల్లలు ఇంగ్లీషులో వడపోత పెడితే ముందే రాలిపోతరు. అందుకే ఎంపిక ఎనిమిదో తరగతి నుంచి తయారీతో ఉండాలి తప్ప ఒక్కరోజు పరీక్షతో కాదు. డిప్లొమా సాహిత్య వర్గంలో ఒక వెసులుబాటుంది: బడిలో టీచర్ లేకపోయినా విద్యార్థి తన మాతృభాష సాహిత్యాన్ని స్వయంగా చదివి పరీక్ష రాయొచ్చు. తెలుగు కోసం ఆ దారి అడిగితే జాషువానూ ‘చిక్కనవుతున్న పాట’నూ అక్కడికి తీసుకుపోవచ్చు.

ఇప్పటికిప్పుడు ఆ పిల్లకు తెరిచున్న తలుపు ఒకటుంది. యునైటెడ్ వరల్డ్ కాలేజీలు. 1962లో వేల్స్‌లో మొదలైన ఈ బడులు డిప్లొమానే చెప్తాయి. 1997 నుంచి పుణె దగ్గర ఒకటి ఉంది. చాలా దేశాల్లో ఎంపిక కమిటీ ఉంటుంది, ఇంటి పరిస్థితిని బట్టి స్కాలర్‌షిప్ ఇస్తారు, పూర్తి స్కాలర్‌షిప్ కూడా ఉంటుంది. పది, పదకొండు తరగతుల వయసులో దరఖాస్తు పెట్టుకోవాలి. ఈ కబురు ఖనిలో ఎంతమంది పంతుళ్లకు తెలుసు? సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష పైన ఉన్న కార్మికులు ఇప్పుడు నలభై వేల దరిదాపుల్లో ఉన్నారు. తాత నౌకరి తండ్రికొచ్చింది, మనవరాలికి రాదు. ఆమెకు కబురు అందడమే పెద్ద సంగతి.

వెళ్లే ముందు రెండు సంగతులు చూసుకోవాలి. ఇక్కడి ఇంజనీరింగ్, మెడిసిన్ మీద ఆశ ఉంటే సబ్జెక్టులు మొదటే అందుకు తగ్గట్టు ఎంచుకోవాలి. ఫిజిక్సు, కెమిస్ట్రీ లేని డిప్లొమాతో మళ్లీ ఇక్కడికొస్తే తలుపు మూసుకుంటుంది. మే పరీక్షల ఫలితాలు జూలై మొదట్లో వస్తాయి, అప్పటికి మన అడ్మిషన్లు సగం నడిచిపోతాయి.

రెండోది డబ్బు. 1913లో బరోడా సంస్థానం ఖర్చు పెట్టుకుంటేనే అంబేద్కర్ కొలంబియాకు పోగలిగాడు. నేడు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ గానీ, రాష్ట్రం ఇరవై లక్షల దాకా ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి గానీ పీజీకి, పీహెచ్‌డీకి మాత్రమే. డిప్లొమా పాసైన దళిత పిల్ల బయటి దేశంలో డిగ్రీలో చేరితే ఈ రెండింట్లో ఒక్క రూపాయీ రాదు. విద్యార్థి సంఘాలు సాంఘిక సంక్షేమ శాఖకు ఇచ్చే వినతిపత్రంలో మొదట రాయాల్సింది ఈ ఒక్క సవరణ గురించే.