మనవలు సెలవులకు వస్తున్నారా? ముందే సిద్ధపడదాం

అమెరికా, ఇంగ్లండు వంటి దేశాలలో స్థిరపడిన పిల్లలు సెలవులకు వస్తున్నారంటే మనం పచ్చళ్లు, పిండివంటలు సిద్ధం చేస్తాం. ఆరోగ్యం సంగతి మాత్రం "మన ఊరే కదా" అని వదిలేస్తాం. హోటలులో దిగే విదేశీయులు సీసా నీళ్లు తాగుతారు. మన మనవలు ఇంట్లో బిందె నీళ్లు తాగి, ఆరుబయట ఆడుకుని, పెళ్లిళ్లలో భోంచేస్తారు. కనుక జాగ్రత్త వీరికే ఎక్కువ అవసరం. పైగా అక్కడి వేసవి సెలవులు ఇక్కడ వానాకాలంలో వస్తాయి. దోమలు, కలుషితమైన నీరు ఎక్కువగా ఉండే రోజులవి.

ఇక్కడే పెరిగిన మీ అబ్బాయికి, అమ్మాయికి కూడా ఇది వర్తిస్తుంది. మలేరియాను తట్టుకొనే శక్తి ఏ కొంచెం ఉన్నా, ఏళ్ల తరబడి దూరంగా ఉంటే తగ్గిపోతుంది. టైఫాయిడ్ ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు.

బయలుదేరే ముందు: నాలుగు నుండి ఆరు వారాల ముందే అక్కడి డాక్టరును కలవాలి. టైఫాయిడ్ టీకా కనీసం రెండు వారాల ముందు వేయించుకోవాలి. హెపటైటిస్-ఎ టీకా వేయించుకున్నదీ లేనిదీ చూసుకోవాలి. 6 నుండి 11 నెలల పసిబిడ్డకు తట్టు టీకా ఒక మోతాదు ముందుగానే వేయిస్తారు. పాడేరు, అరకు వంటి ఏజెన్సీ ప్రాంతాలకు వెళ్లే ఆలోచన ఉంటే తప్పక చెప్పాలి. మలేరియా రాకుండా వాడే మందులలో కొన్ని రెండు వారాల ముందే మొదలుపెట్టి, తిరిగి వెళ్లాక నాలుగు వారాలు వాడాలి.

ఇంట్లో మనం చేయవలసినవి: నీళ్లు బాగా మరిగించి, చల్లార్చి, మూతపెట్టి ఉంచాలి. దోమతెరలు సరిచూసుకోవాలి. రోడ్డు పక్కన అమ్మే ఐసు, కోసి ఉంచిన పండ్లు పిల్లలకు పెట్టవద్దు. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు దగ్గర ఉంచుకోవాలి. విరేచనాలు మొదలవగానే కొద్దికొద్దిగా పట్టించాలి. బిడ్డ మగతగా ఉన్నా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

కుక్క కరిచినా, గీరినా దాచకుండా చెప్పమని పిల్లలకు ముందే నేర్పాలి. గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు టీకా వేయించాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు.

తిరిగి వెళ్లిన తరువాత: ఏడాదిలోపు జ్వరం వస్తే, అక్కడి డాక్టరుకు మొదటి మాటగా "ఇండియా వెళ్లి వచ్చాం" అని చెప్పి, మలేరియా రక్తపరీక్ష అడగాలి. ఆ మాట చెప్పకపోతే మామూలు ఫ్లూ అనుకొని విలువైన సమయం పోగొట్టే ప్రమాదం ఉంది.

ఈసారి ఫోనులో "టికెట్లు కొన్నారా?" అని అడిగినప్పుడు, "టీకాలు వేయించారా?" అని కూడా అడగండి.