ముట్లుడిగే వయసులో అంతుచిక్కని పాదాల నొప్పి

స్త్రీ జీవితంలో రజోదర్శనము ఎంత సహజమో రజోనివృత్తి కూడ అంతే సహజము. 12వ ఏట ప్రారంభమైన రజస్సు, శరీరము జరచే పక్వమైన పిదప, 50వ ఏట నిలిచిపోతుందని సుశ్రుతాచార్యులు నిర్దేశించినారు. మన దేశపు స్త్రీలలో ఇది సగటున 46 ఏండ్ల ప్రాంతముననే జరుగుతున్నదని నేటి వైద్యుల పరిశీలన. ఈ మార్పు కాలంలో ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి, చిరాకు కలుగుతాయని ఇప్పుడు చాలామందికి తెలుసు. కాని పాదాలు కూడ బాధిస్తాయని ముందుగా హెచ్చరించేవారు అరుదు. దెబ్బ తగలలేదు, ముల్లు గుచ్చుకొనలేదు, వాపు లేదు. అయినా తెల్లవారి మంచము దిగి కాలు నేలపై మోపగానే ప్రాణము విలవిలలాడుతుంది. ఇంట్లో చెప్పుకొంటే "వయసు మీద పడినది, మామూలే" అంటారు. ఎక్స్‌రే తీయిస్తే "ఏమీ లేదు" అని పంపివేస్తారు. దానితో ఆ ఇల్లాలు నోరు మూసుకొని నొప్పిని భరిస్తుంది.

కారణము కనబడని నొప్పి వేరు, కారణము లేని నొప్పి వేరు. ఈ భేదమును గుర్తించిన తరువాతనే చికిత్సకు పూనుకొనవలెను. ఏలయనగా, ఒకరి పాదానికి హాయినిచ్చిన చిట్కాయే మరొకరి పాదమును పుండు చేయగలదు.

నాపరాయి మారలేదు, పాదము మారినది

నంద్యాల జిల్లా అవుకు ప్రాంతపు గృహిణుల దినచర్యనే ఉదాహరణగా తీసుకొందాము. అవుకు, బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల ప్రాంతములు నాపరాతికి ప్రసిద్ధి. ఇక్కడి ఇండ్లలో నేల నాపరాయే, వాకిలి నాపరాయే, వంటింటి గట్టు నాపరాయే. వేసవిలో చల్లగా ఉండే ఈ రాతిలో మెత్తదనము మాత్రము ఇసుమంతైనా లేదు. తెల్లవారుజామున కల్లాపి చల్లినది మొదలు రాత్రి గిన్నెలు సర్దే వరకు ఇల్లాలు ఒట్టికాళ్ళతో నిలబడేది ఆ రాతిమీదనే. పొలము పనికి పోయే స్త్రీలకు రేగడి పెడ్డలు, జొన్న కొయ్యకాళ్ళు, అరిగిపోయిన హవాయి చెప్పులు. రాళ్ళ పాలిష్ పనిలో ఉన్నవారికి దినమంతా తడినేలపై నిలబడుట.

30 ఏండ్ల వయసులో ఈ రాతిని ఓర్చుకొన్న పాదము 50 ఏండ్లకు ఎందుకు ఓర్చలేకపోతున్నది? అండాశయముల నుండి వెలువడే ఈస్ట్రోజెన్ అను హార్మోను ఎముకలకు, కీళ్ళకు, కండరములను ఎముకలతో కట్టి ఉంచే నరపు పట్టీలకు, చర్మపు తేమకు ఆధారము. ముట్లుడిగే కాలంలో అది తగ్గిపోతుంది. దానికి తోడు వయసుతో మడమ క్రింద దిండు వలె ఉండే కొవ్వు పొర సాగుదనము కోల్పోతుంది. మడమ నుండి కాలివేళ్ళ వరకు అరికాలి క్రింద వింటినారి వలె బిగిసి ఉండే పట్టీ గట్టిపడుతుంది. ఈ వయసులో పెరిగే బరువు కూడ ఆ పట్టీ మీదనే పడుతుంది. ముట్లుడిగే కాలపు కండరాల, ఎముకల, కీళ్ళ బాధలన్నిటినీ ఒక్క సముదాయముగా గుర్తించి, దానికి ఒక పేరు పెట్టవలెనని అమెరికాకు చెందిన వోండా రైట్ మున్నగు వైద్యులు 2024లో ప్రతిపాదించినారు.

ఆయుర్వేదము ఈ విషయమునే వాతవృద్ధి అంటున్నది. వయసు ముదిరేకొలది స్నిగ్ధత తగ్గి రూక్షత పెరుగుట వాతలక్షణము.

ఒక్క నొప్పి కాదు, మూడు

మన ప్రాచీనులు పాదబాధలనన్నిటినీ ఒక్క గాట కట్టలేదు. వాతవ్యాధులలో మూడింటిని వేరు వేరుగా చెప్పినారు.

1. వాతకంటకము: ఎగుడుదిగుడు నేలపై అడుగు వేయుట వలన గాని, అధిక శ్రమ వలన గాని ప్రకోపించిన వాతము చీలమండ, మడమల యందు చేరి బాధించుట. కంటకము అనగా ముల్లు. తెల్లవారి తొలి అడుగులోను, చాలాసేపు కూర్చుండి లేచినపుడును మడమలో మేకు దిగినట్లుండి, పది అడుగులు నడిచిన పిదప కొంత తగ్గుట దీని ఆనవాలు.

2. పాదదాహము: వాతము పిత్తరక్తములతో కూడి అరికాళ్ళలో మంట పుట్టించుట. రాత్రివేళ దుప్పటి తగిలినా ఓర్వలేక, కాళ్ళు చల్లని నేలకు ఆనించవలెననిపిస్తుంది.

3. పాదహర్షము: వాతము కఫముతో కూడి తిమ్మిరి, జివ్వుమనుట, స్పర్శ మందగించుట కలిగించుట. దూదిమీద నడిచినట్లున్నదని కొందరు చెబుతారు.

మొదటిది చాలవరకు పాదములోనే పుట్టినది. తక్కిన రెండింటికి మూలము తరచుగా మరొకచోట ఉంటుంది. మధుమేహము, థైరాయిడ్ మాంద్యము, విటమిన్ బి12 లోపము అరికాలి మంటలకు, తిమ్మిర్లకు ముఖ్య కారణములు. శాకాహారులలోను, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏండ్ల తరబడి వాడేవారిలోను బి12 లోపము ఎక్కువ. ఈ మూడు వ్యాధులును ముట్లుడిగే వయసులోనే చాటుగా ప్రవేశించవచ్చును. అందువలన మంట గాని తిమ్మిరి గాని ఉన్నవారు "ఇది ముట్ల మార్పే" అని సరిపెట్టుకొనరాదు. ఒకసారి రక్తపరీక్షలు తప్పక చేయించుకొనవలెను.

ఇటుక కాపడానికి ముందు ఒక పరీక్ష

మడమ నొప్పికి మన పల్లెలలో పేరుపొందిన చిట్కా ఒకటున్నది. ఇటుకను నిప్పులపై కాల్చి, దానిపై జిల్లేడాకులు పరచి, మడమ ఆనించుట. స్పర్శ చక్కగా ఉన్నవారికి ఈ వేడి హాయినిస్తుంది. చురుక్కుమనగానే కాలు తీసివేస్తారు. స్పర్శ మందగించిన పాదానికి ఆ చురుకు తెలియదు. చర్మము కాలి బొబ్బలెక్కిన తరువాత గాని కంటబడదు. మధుమేహము ఉన్నవారిలో అటువంటి పుండు మానక, ముదిరి, వేలు తీసివేయవలసిన స్థితి రావచ్చును. తనకు మధుమేహము ఉన్నదని తెలియనివారికే ఈ ప్రమాదము అధికము. పైగా జిల్లేడు పాలు కంటికి తగిలితే తీవ్రమైన హాని కలుగుతుంది.

కాబట్టి ఏ కాపడమైనా పెట్టుటకు ముందు ఇంట్లో ఈ చిన్న పరీక్ష చేయండి. ఇది ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణ వైద్యులు రూపొందించినది. నొప్పి ఉన్నవారు పడుకొని కండ్లు మూసుకొనవలెను. భర్త గాని, కూతురు గాని, కోడలు గాని తమ చూపుడువేలి కొనతో వారి రెండు పాదముల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొనలను ఒక్కొక్కటిగా మెల్లగా తాకవలెను. ఒక్కొక్క స్పర్శ ఒకటి రెండు సెకండ్లు చాలును. నొక్కరాదు, గోకరాదు, రెండవసారి తాకరాదు. తాకినప్పుడెల్ల కుడియో ఎడమయో చెప్పవలెను. ఆరింటిలో రెండుగాని అంతకు మించిగాని తెలియకపోతే స్పర్శ తగ్గినదని గ్రహించి, వేడి చికిత్సలన్నిటినీ మాని, వైద్యుని చూడవలెను.

మడమ పోటుకు చేయవలసినవి

వాతకంటకమునకు మందుకన్న ముందు పాదానికి విశ్రాంతి, మెత్తదనము ముఖ్యము.

* నిద్ర లేవగానే కాలు నేల మోపరాదు. మంచముపై కూర్చుండి, నొప్పి ఉన్న కాలును రెండవ తొడపై పెట్టుకొని, చేతితో కాలివేళ్ళను ముంగాలి వైపు వెనుకకు లాగి పది సెకండ్లు పట్టి వదలవలెను. ఈ విధముగా పదిమార్లు. దినమునకు మూడు పూటలు.

* గోడకు చేతులానించి, నొప్పి ఉన్న కాలు వెనుకకు ఉంచి, మడమ లేవకుండ ముందుకు వంగి పిక్కను సాగదీయవలెను. పిక్క బిగువే మడమను లాగి బాధిస్తుంది.

* ఇంట్లో ఒట్టికాళ్ళతో నాపరాతిపై తిరుగుట మానవలెను. వంటింట్లోకి చెప్పులు రానీయని ఆచారము మనలో బలమైనది. బయటి చెప్పులు కాక, ఇంటి లోపలకే మెత్తని జత ఒకటి కేటాయించిన ఆచారమునకు లోపము రాదు. అదీ ఇష్టము లేనివారు పొయ్యిగట్టు ముందు, జారని రబ్బరు అడుగు గల మందపు పట్టా వేసుకొని నిలబడవలెను. కూరగాయలు తరుగుట, పిండి కలుపుట వంటివి కూర్చుండి చేయవచ్చును.

* రాత్రి పాదాభ్యంగము చేయవలెను. తైలాభ్యంగము నిత్యము ఆచరించవలెనని, అందును శిరస్సు, చెవులు, పాదములకు ప్రత్యేకముగా చేయవలెనని అష్టాంగహృదయములో వాగ్భటుల ఆదేశము. నాలుగు చెంచాల నువ్వులనూనెలో చిటికెడు సైంధవ లవణము వేసి గోరువెచ్చ చేసి, మడమ నుండి వేళ్ళ వైపు ఒక్కొక్క పాదానికి పది నిమిషములు మర్దించవలెను. తరువాత నూనెను బట్టతో పూర్తిగా తుడిచి గాని మంచము దిగరాదు. నునుపైన నాపరాతిపై నూనె కాలు జారితే, ఈ వయసులో పెళుసుబారిన ఎముక విరుగుట ఖాయము.

* స్పర్శ బాగున్నవారు గుప్పెడు వావిలి ఆకులు వేసి మరిగించిన నీటిని గోరువెచ్చగా చల్లార్చి, మోచేతితో వేడి చూచి, పదిహేను నిమిషములు పాదములు ఉంచవచ్చును.

ఈ నొప్పి నాలుగు రోజులలో పోయేది కాదు. కొన్ని నెలలు పట్టుట సహజము. నియమము తప్పనివారిలో అధికభాగము ఏడాది లోపల తేరుకొంటారు.

అరికాలి మంటకు

మూలకారణమునకు చికిత్స జరుగుతుండగా ఉపశమనమునకు ఆవునెయ్యి పాదములకు రాచి, కంచు గిన్నె అడుగుతో మృదువుగా రుద్దుట మంచిది. తాజా గోరింటాకు నూరి అరికాళ్ళకు పట్టించుట కూడ చలువ. బజారులో దొరికే నల్లరంగు గోరింట పొట్లములు వాడరాదు. వాటిలో కలిపే రసాయనములు చర్మమును పొక్కించగలవు. మంట ఉన్నవారు పచ్చళ్ళు, అధిక కారము, మితిమీరిన టీ, కాఫీలు తగ్గించవలెను.

ఆహారము, ఔషధము

ముట్లుడిగిన స్త్రీకి దినమునకు 1200 మిల్లీగ్రాముల కాల్షియం అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణములు చెబుతున్నవి. మన సీమ భోజనంలోనే అందుకు దారి ఉన్నది. వంద గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాములు, పొట్టు తీయని నువ్వులలో 1000 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నది. ఒక పూట రాగి సంగటి, రెండు చెంచాల నువ్వులపొడి, రెండు పూటల మజ్జిగ, వారానికి మూడుమార్లు మునగాకు పప్పు, పూటకొక గ్లాసు పాలు అలవరచుకొనవలెను. కాళ్ళకు చేతులకు కొంతసేపు ఎండ తగులనీయవలెను. ఎండ లేక విటమిన్ డి లేదు, అది లేక తిన్న కాల్షియం ఒంటబట్టదు.

రజోనివృత్తిలో బలమునకు శతావరి, అనగా పిల్లిపీచర గడ్డల చూర్ణము పాలతో సేవించుట సంప్రదాయము. ఐనను రొమ్ములో గాని గర్భాశయములో గాని గడ్డలు ఉన్నవారు వైద్యుని అడుగక వాడరాదు. అశ్వగంధ థైరాయిడ్ మందులు వాడేవారికి అందరికీ సరిపడదు. యోగరాజ గుగ్గులు మొదలైనవి నాడి, ప్రకృతి, ఇతర మందులు పరిశీలించి వైద్యుడు ఇవ్వవలసినవే. ఇక పేరు, తయారీ చిరునామా లేని "కీళ్ళ నొప్పుల పొడి" పొట్లములను ముట్టరాదు. అటువంటి వాటిలో స్టెరాయిడ్లు కలిపినట్లు దేశంలో పలుమార్లు బయటపడినది. రెండు రోజులలో నొప్పి మాయమై, రెండేండ్లలో ఎముక గుల్లబారుతుంది.

ఆలస్యము చేయరాని గుర్తులు

* బొటనవేలి కణుపు హఠాత్తుగా ఎర్రబడి, వాచి, తాకనీయకుండుట. ఇది పాదముల నుండి మొదలయ్యే వాతరక్తము కావచ్చును. ముట్లుడిగిన తరువాత స్త్రీల రక్తములో యూరిక్ ఆమ్లము పెరుగుతుంది.
* పాదములో ఒక్క చోటనే, నడిచేకొలది పెరిగే నొప్పి, వాపు. ఎముకలో సన్నని బీట కావచ్చును. తొలి వారములలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చును.
* ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడెక్కి నొప్పి పెట్టుట. రక్తము గడ్డకట్టినదేమో వెంటనే చూపించవలెను, మర్దన చేయరాదు.
* రెండు చేతుల కణుపులు కూడ ఉదయము గంటకు పైగా బిగుసుకొనుట.
* పాదముపై మానని పుండు, నల్లబడుట, చల్లబడుట.

ఈ గుర్తులలో ఏది కనిపించినను చిట్కాలు కట్టిపెట్టి బనగానపల్లెకో నంద్యాలకో వెళ్ళి ఆసుపత్రిలో చూపించుకొనవలెను. అల్లోపతి పరీక్షలు చేయించుకొన్నంత మాత్రమున ఆయుర్వేదమును విడిచినట్లు కాదు. రోగమును ముందు పరీక్షించి, ఆ తరువాతనే ఔషధమును ఆలోచించుమన్నది మన శాస్త్రమే.

గృహస్థులకు ఒక్క మాట. ఇంటి ఇల్లాలు కుంటుతూ నడుస్తున్నదంటే, ఆమె చెప్పుకొనక భరించిన దినములు చాలా గడిచిపోయినవని అర్థము. ఈ రాత్రి ఆమె పని ముగించిన తరువాత, దీపము వెలుతురులో ఆ పాదములను ఒకసారి తాకి చూడండి. ఆరు వేళ్ళ స్పర్శ పరీక్షకు రెండు నిమిషములు చాలును.