సైనిక విడిదే సొంతూరైంది!
బార్కస్‌ అరబ్బులది తరతరాల అనుబంధం

హైదరాబాద్‌, పాతబస్తీ: చాంద్రాయణగుట్ట దాటగానే బార్కస్‌ ఎదురవుతుంది. గళ్ల లుంగీలు ధరించిన వృద్ధులు, మండీ హోటళ్లు, బండ్లపై జామపండ్లు ఇక్కడి నిత్య దృశ్యాలు. ఆంగ్లంలోని 'బ్యారక్స్‌' అనే పదమే ప్రజల వాడుకలో బార్కస్‌గా మారింది. ఒకప్పుడు నిజాం కొలువులోని అరబ్బు సైనికులకు విడిదిగా ఉన్న ఈ ప్రాంతం కాలక్రమేణా వారి వారసులకు స్వస్థలమైంది.

హద్రమౌత్‌ నుంచి దక్కన్‌కు...
వీరి పూర్వీకుల్లో అత్యధికులు నేటి యెమెన్‌లోని హద్రమౌత్‌ ప్రాంతీయులు. వానలు అరుదైన ఆ లోయల్లో కరవు కాటకాలు, తెగల నడుమ పోరు యువకులను సముద్రం దాటించాయి. దక్కన్‌లో వారికి సైనిక కొలువులు లభించాయి. నిజాం వద్ద జమేదారుగా పనిచేసిన ఉమర్‌ బిన్‌ అవద్‌ అల్‌ ఖుఐతీ ఇక్కడ గడించిన సంపదతో 19వ శతాబ్దంలో ఆయన కుటుంబం హద్రమౌత్‌లో రాజ్యాన్నే నెలకొల్పింది. ఆ వంశ పాలన 1967 వరకు సాగింది.

ఏది స్వదేశం?
1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో హైదరాబాద్‌ సంస్థానం భారత యూనియన్‌ అధీనంలోకి వచ్చింది. అరబ్బులు కొలువులు కోల్పోయారు. అనేకులను ప్రభుత్వం నిర్బంధించింది. కొందరిని దేశం నుంచి పంపివేసింది. అయితే వారిలో పలువురు ఇక్కడే జన్మించినవారు. ఎందరికో తల్లులు స్థానికులు. వీరిని ఏ దేశస్థులుగా పరిగణించాలన్న ప్రశ్న తలెత్తింది. 1949 నవంబరు 26న అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని ఐదో అధికరణం వంశమూలాన్ని ప్రాతిపదికగా తీసుకోలేదు. ఈ దేశంలో స్థిరనివాసం ఉన్నవారు ఇక్కడ జన్మించినా, తల్లిదండ్రుల్లో ఒకరు జన్మించినా, అప్పటికి ఐదేళ్లుగా నివసిస్తున్నా పౌరులేనని పేర్కొంది.

పేరు అరబ్బీ... పలుకు దక్కనీ
'బిన్‌', 'బా', 'అల్‌' అనే పదాలతో కూడిన వంశనామాలు నేటికీ వీరి మూలాలను తెలియజేస్తున్నాయి. ఇళ్లలో మాత్రం ఎక్కువగా వినిపించేది దక్కనీ ఉర్దూ. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా జరిగింది. అరబ్బుల హరీస్‌ దక్కన్‌ మసాలాలతో హలీంగా రూపుదిద్దుకొని, 2010లో భౌగోళిక గుర్తింపు పొందింది. వారి మర్ఫా వాద్యం నగరమంతటా పెళ్లి ఊరేగింపుల్లో మోగుతోంది.

తాతల దారిలో తిరుగు ప్రయాణం
1970ల నుంచి ఈ కుటుంబాల యువకులు ఉపాధి కోసం గల్ఫ్‌ దేశాలకు వెళ్లసాగారు. తాతలు కొలువు వెదుక్కుంటూ దాటి వచ్చిన సముద్రాన్నే మనవలు మళ్లీ దాటారు. పేర్లు అరబ్బీవే అయినా, భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లిన వీరు అక్కడ పరదేశీ కార్మికులే. గడువు తీరగానే వారు తిరిగి చేరుకునే ఇల్లు బార్కస్‌లోనే ఉంది.